మూడుదోవల కాడ కుర్చీ

మా ఇంట్లో అందరం చచ్చినవాళ్ల దూది మీదే పడుకునేవాళ్లం. ఈ మాట చెబితే ఇప్పటి పిల్లలు ముఖం చిట్లిస్తారు. చిట్లించుకోనీ, ఉన్నమాటే కదా. మాది కోయిలకుంట్ల దగ్గర నల్లరేగడి పల్లె. మేము దూదేకులవాళ్లం. ఊళ్లో ఏ ఇంటి పరుపైనా, దిండైనా మా నాయన ఏకే విల్లు కింద ఎగిరిన దూదే. పెళ్లి కుదిరితే కొత్త పరుపు కోసం మా గడపకు వచ్చేవాళ్లు. మనిషి పోతే అదే పరుపును ఊరి బయట మూడుదోవల కాడ పారేసి, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్లేవాళ్లు. అక్కణ్నుంచి దాన్ని తెచ్చుకునేది మళ్లీ మేమే. కుట్లు విప్పి, దూదిని ఎండలో పోసి, ఏకి కొత్త గుడ్డలో కూరితే అది ఎవరిదో ఎవరికి తెలుస్తుంది? కానీ నాయన ఒక కట్టుబాటు పెట్టుకున్నాడు. పోయినవాళ్ల దూదిని అమ్మకూడదు.

"అది మన ఇంట్లోనే ఉండాల. ఊరోళ్లకు అమ్మితే వాళ్లు తెలీక పండుకుంటారు. మనం తెలిసి పండుకుంటాం. తెలిసి పండుకుంటే భయం ల్యా," అనేవాడు.

భయం లేదన్నది ఆయన మాట. నాకు ఉండేది. చిన్నప్పుడు నా దిండులో శెట్టిగారి తల్లి ఉండేది. బతికున్నంత కాలం ఆమె నన్ను అరుగెక్కనివ్వలేదు, పోయాక మాత్రం రోజూ నా చెంప కిందే పడి ఉంది. కొన్ని పొద్దులు లేచేసరికి దిండులోంచి వక్కపొడి, కర్పూరం కలిసిన వాసన కొట్టేది. ఎండి, ఏకిన దూదికి ఏ వాసనా ఉండదని నాకు బాగా తెలుసు. అయినా కొట్టేది.

మా అమ్మ నా చిన్నతనంలోనే పోయింది. నాకు పెళ్లి చేసి, అల్లుణ్ని ఇల్లరికం తెచ్చుకునేనాటికి నాయన ఛాతీ పాడైంది. ఒక జీవితకాలం పీల్చిన దూది నూగు ఊరికే పోతుందా? పడుకుంటే ఊపిరాడేది కాదు. గోడకు ఆనుకుని, దిండ్లు ఎగదోసి కూర్చోబెడితే కాసేపు కునుకు పట్టేది. దిండ్లు జారగానే మనిషీ జారేవాడు, లేచి పిల్లికూతలు కూసే గుండెను పట్టుకుని కూర్చునేవాడు. దర్గా తాయెత్తు కట్టించాం, ఆకులు నూరి తాగించాం. ఏదీ పట్టలేదు. ఆయనకు కావలసింది మందు కాదు, నిద్ర. నాలుగు ఘడియలు ఒళ్లు మరిచి నిద్రపోతే చాలని నా ప్రాణం కొట్టుకునేది. అంతకు మించి నేనేమీ కోరలేదు.

ఊళ్లో మా నాయనలాగా కూర్చుని నిద్రపోయే మనిషి ఇంకొకాయన ఉండేవాడు. పెద్దింటాయన. నూరెకరాల ఆసామి. మహానంది కోనేట్లో మునిగినా, మద్రాసు డాక్టరు సూదులు వేసినా ఆయన ఉబ్బసం తగ్గలేదు. కాకపోతే ఆయనకొక కుర్చీ ఉంది. టేకు కుర్చీ, వెడల్పు చేతులు, తోలు కప్పిన మెత్త. నాయన ఆ ఇంటికి పరుపులు కుట్టడానికి పోయినప్పుడల్లా దాన్ని చూసి వచ్చి చెప్పేవాడు.

"ఆ కుర్చీలో కూకుంటే నిద్ర దానంతట అదే వస్తాది పాపా. రాజా కుర్చీ అది."

"వాళ్లింట్లో పుట్టుంటే నీకూ వచ్చేది," అనేదాన్ని కోపంగా. ఆ కోపం ఆయన మీద కాదు.

ఆ ఏడు జొన్న కంకి పట్టే కాలంలో పెద్దింటాయన పోయాడు. అదీ కుర్చీలోనే పోయాడు. ఆ ఇళ్లలో ఒక పట్టింపు ఉంది. ప్రాణం మంచం మీద పోకూడదు, ఘడియ దగ్గరపడిందనగానే మనిషిని నేలకు దించాలి. దించకుండా పోతే ఆ మనిషి మంచాన్ని పట్టుకుని వేలాడతాడంటారు. అందుకని మంచమైనా కుర్చీ అయినా గడప దాటాల్సిందే. కర్మకాండ కాగానే కుర్చీ మూడుదోవల కాడికి వచ్చింది.

అక్కడ అది నడిదోవలో, ఎవరికోసమో వేసి ఉంచినట్టు ఊరివైపు తిరిగి ఉంది. పొలాలకు పోయేవాళ్లు దోవ వదిలి జొన్నచేలల్లో పడి పోతున్నారు. ఆ కుర్చీ మనిషిలా ఊపిరి తీస్తోందని ఊరంతా పుకారు. నేను నా మొగుణ్ని వెంటబెట్టుకుని పొద్దున్నే పోయాను. మా ఆయన ఒళ్లు చూస్తే కోడెదూడ, గుండె చూస్తే కోడిపిల్ల.

"వద్దు మే. పరుపు దూదంటే సరే. ఇది కుర్చీ. ఆయప్ప ఇంకా ఈడనే ఉండాడంట," అన్నాడు ఆమడ దూరంలో నిలబడి.

"ఉంటే ఉండనీ. పక్కన జరిగి మా నాయనకు కాస్త చోటిమ్మని అడుగుతా," అన్నాను.

అన్నదాన్ని ఊరుకోక, మా ఆయన పిరికితనం పోగొడదామని వెళ్లి కుర్చీలో కూర్చున్నాను కూడా. మెత్తగా లోపలికి దిగిపోయాను. నిజం చెప్పొద్దూ, లేవబుద్ధి కాలేదు. తర్వాత లేచాను. నేను లేచి నిలబడ్డాక నా వెనక ఎవరో నిండుగా, అలసటగా ఒక ఊపిరి తీశారు. మా ఆయన ఊరి మొదట్లో గాని ఆగలేదు. నాకూ పరుగెత్తాలనే అనిపించింది. కాకపోతే పారిపోతే మళ్లీ రాలేనని తెలుసు. కుర్చీని తలకెత్తుకుని ఒక్కదాన్నే ఇంటికి తెచ్చాను.

వాకిట్లో తలకిందులు చేసి అడుగున గోనెపట్టా కోస్తే సంగతి తెలిసింది. లోపల ఇనుప చుట్టలున్నాయి. వాటి మీద కొబ్బరిపీచు, పీచు మీద దూది, దూది మీద తోలు. మనిషి కూర్చుంటే చుట్టలు అణుగుతాయి, లేస్తే మెల్లగా పైకి లేస్తూ తోలు చిరుగులోంచి గాలి పీలుస్తాయి. నొక్కి వదిలి చూపించాను.

"ఇదో, నీ దయ్యం," అన్నాను మా ఆయనతో.

"చుట్టలయితే చుట్టలే. అవి మాత్రం ఇంట్లో వద్దు," అన్నాడు.

అవి తుప్పుపట్టి కొనలు లేచి ఉన్నాయి, ఎలాగూ నాయనకు గుచ్చుకుంటాయి. తీసేశాను. మా ఆయన వాటిని కమ్మరి కొలిమికి మోసుకుపోయి, సాగగొట్టించి మా తలుపుకు గొళ్లెం చేయించుకొచ్చాడు. చుట్టల చోట నవారు బిగించి అల్లాను. ఇక మిగిలింది దూది.

తోలు విప్పినప్పుడు చూశాను. దూదిలో మనిషి ఉన్నాడు. ఎడమ పక్క లోతుగా తుంటి గుంట, కుడి పక్క ఎత్తు, వీపు మెత్తలో ఒక భుజం పల్లం. ఏళ్లకేళ్లు ఎడమకు ఒరిగి ఊపిరి వెతుక్కున్న మనిషి అచ్చు అది. గుంటలో చెయ్యి పెడితే వెచ్చగా తగిలింది. వాకిట్లో ఎండకే వెచ్చబడింది, నాకు తెలుసు. అయినా చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఆ దూదిని మా ఆయన చేత ఏకించాను. విల్లు నారి మోగుతుంటే గుంటలు, పల్లాలు అన్నీ ఎగిరి నురగలా తెల్లబడ్డాయి. దబ్బనం పట్టుకుని నేనే కుట్టాను. పెళ్లికూతురి పరుపులా పొంగి కూర్చుంది కుర్చీ. అంత మంచి పని నేను ముందెన్నడూ చేయలేదు.

నాయన కూర్చున్నాడు, జారాడు. మళ్లీ కూర్చోబెట్టాను, మళ్లీ జారాడు. ఆ పొంగు ఆయన్ని ముందుకు నెట్టేస్తోంది. పైన పటారం, లోన లొటారం.

"బాగుండాది పాపా," అన్నాడు నన్ను నొప్పించలేక. ఆ మాట అనడానికే ఊపిరి చాల్లేదు. మరుసటి పొద్దున లేచి చూస్తే గోడ దగ్గరికి పాక్కుంటూ పోయి, పాత దిండ్లకు ఆనుకుని కళ్లు తెరిచి కూర్చుని ఉన్నాడు. నాకు ఏడుపు, రోషం రెండూ కలిసి వచ్చాయి.

ఊరంతా పొలాల్లో ఉండే మిట్టమధ్యాహ్నం పూట, వెనకవైపు సందులోంచి ఒకామె వచ్చి మా తలుపు పట్టుకుని నిలబడింది. తల మీద కొంగు ముఖం దాకా లాగి ఉంది. పెద్దింటాయన భార్య. మొగుడు పోయి ఏడాది తిరగని ఆడది ఆ ఇంట్లోంచి గడప దాటకూడదు. అలాంటిది మా ఇంటికి వచ్చింది. కుర్చీ కోసమే వచ్చిందని, ఇవ్వనని, నోటిదాకా మాట తెచ్చుకున్నాను.

"కుర్చీ మీ కాడ ఉండాదంట. అది ఊపిరి తీస్తాదా పాపా?" అంది.

నాయన గోడ దగ్గరి నుంచే చేతులు జోడించాడు. ఆమె అక్కడే నేల మీద కూర్చుని చెప్పింది. ఆయన పోయిన పొద్దున పక్కన ఆమె ఒక్కతే ఉంది. నేలకు దించాలని ఆమెకు తెలుసు. కాని ఆయన ఆమె మణికట్టు పట్టుకుని, దించొద్దు, దించితే ఊపిరాడదు అన్నాడట. ఆమె దించలేదు. పట్టు వదులయ్యాక కళ్లు మూసి, కొడుకులను పిలిచి మీ నాయన పోయినాడని చెప్పింది. కొడుకులు వచ్చి శవాన్ని కుర్చీలోంచి లేపారు. లేపగానే అందరికీ వినిపించేలా ఒక ఊపిరి వచ్చింది.

"బతికుండంగానే పోయినాడన్నావని నా కొడుకులు నా చేతి కూడు తినడం మానుకున్నారు. తినకపోతే మానె. నేను బతికుండే మనిషికి కండ్లు మూసినానా పాపా? ఆయన ఉన్నన్నాళ్లు దగ్గూ, పిల్లికూతలే గాని కుర్చీ సద్దు నా చెవినెప్పుడూ పడలా. అది తీస్తాదని ఊరోళ్లు అంటే, నా చెవితో విందామని వచ్చినా."

గొళ్లెం చూపించాను. చుట్టలు తీసేసిన సంగతి, అవి గొళ్లెమై తలుపుకు వేలాడుతున్న సంగతి చెప్పాను. ఆమె లేచి వెళ్లి ఆ గొళ్లేన్ని పట్టుకుని, దాన్ని చెవి దగ్గరికి తెచ్చుకుంది. ఇనుము ఏం పలుకుతుంది? ఆమె ముఖం చూడలేక నాయన దగ్గరికి పోయి ఆయన తల మీద చెయ్యి పెట్టాను.

"మా నాయన మీద ఆన పెద్దమ్మా. మూడుదోవల కాడ నేను కూకుని లేచినప్పుడు అట్లనే తీసింది. ఆ పొద్దు తీసింది కుర్చీనే. ఆయన గాదు," అన్నాను.

ఆమె నమ్మిందో, నమ్మాలని నిశ్చయించుకుందో నాకు తెలియదు. కళ్లు తుడుచుకుని కుర్చీ వైపు తిరిగి, ఒక్క చూపులో నా పనితనం తేల్చేసింది.

"ఇట్ల కుడితే ఎవురు కూకుంటారు? నీ దబ్బనం తీసుకో. కుట్లు విప్పు."

విప్పాను. ఆమె మోచేతి దాకా దూదిలోకి చెయ్యి పెట్టింది. ఈడ తగ్గించు, ఆడ దిగల్ల, వీపు కింద సన్నదిండు పెట్టు, కుడి మోచెయ్యి కింద ఎత్తు చాల్లేదు. అంటూ అంటూ మాట ఆపేసింది. చేతులే పని చేస్తున్నాయి. ఎడమ తుంటి గుంటను పిడికిలితో అదిమింది, వీపు మెత్త మీద అరచేత్తో భుజాన్ని దువ్వింది. మేము విల్లు పెట్టి ఎగరగొట్టిన మనిషిని ఆమె పట్టపగలు మా ఇంట్లో మళ్లీ పేరుస్తోంది. ఆపమని చెప్పాలనిపించింది. చెప్పలేదు.

నాయనను అందులో కూర్చోబెట్టాం. ఎడమకు ఒరిగాడు, గుంట ఆయన్ని పట్టుకుంది. పిల్లికూతలు సన్నబడ్డాయి. నేను దుప్పటి తెచ్చేలోగా నిద్రపోయాడు. నోరు కొద్దిగా తెరుచుకుని, బిడ్డలా, సాయంత్రం ఆవులు ఇంటికి వచ్చేదాకా నిద్రపోయాడు. నేను ఒక మూలన కూర్చుని సంతోషంతో ఏడ్చాను.

ఆమె కుర్చీ కుడిచెయ్యి పక్కన, నేల మీద కూర్చుని ఉంది. ఆ చోటు వెతుక్కోలేదు, తనదేనన్నట్టు కూర్చుంది. నాయన నిద్రలో ఉంగరం వేలితో కుర్చీ చేతిని తట్టాడు. టక్, టక్. ఆయనకు అంతకు ముందు ఆ అలవాటు లేదు. ఆమె కొంగు వెనక నవ్వింది.

"ఆయనా ఇట్లనే తట్టేటోడు. నీళ్లు కావాలంటే," అంది.

నా సంతోషం అక్కడికక్కడే గడ్డకట్టింది. నిద్ర లేవగానే నాయన అడిగింది నీళ్లే.

అప్పట్నుంచి ఆమె వీలున్న ప్రతి మధ్యాహ్నం వచ్చేది. నాయన నిద్రపోతుంటే వింటూ కూర్చునేది. నాయన తల ఎడమకు వాలడం, తొడ మీద తొడ వేయడం, వేలితో తట్టడం, ఒక్కొక్కటీ ఆమె ముందే చెప్పేది, ఆయన తర్వాత చేసేవాడు. ఆ గుంటలో కూర్చున్న ఎవడైనా అలాగే ఒరుగుతాడు, అలాగే తడతాడు అని నన్ను నేను సముదాయించుకున్నాను. అయినా కుళ్లుకున్నాను. నా నాయన నిద్రను ఎవరో నిద్రపోతున్నారనిపించేది. కుర్చీ తీసేద్దామని ఎన్నిసార్లు అనుకున్నానో. తీసేస్తే ఆయన మళ్లీ గోడకు పోవాలి. నిద్రపోయే తండ్రిని లేపే కూతురు ఎక్కడుంటుంది?

"నీకు భయం ల్యాదా నాయనా?" అని ఒకసారి అడిగాను.

"తెలిసే కూకున్నా గదా పాపా," అన్నాడు.

ఎండలు ముదిరాక ఆయనకు కూర్చున్నా ఊపిరి చాలకుండా పోయింది. ఒక మధ్యాహ్నం గోళ్లు నల్లబడ్డాయి. ఇరుగుపొరుగు పోగయ్యారు. దించండి, నేలకు దించి పడమటికి తిప్పండి, పెద్దింటాయనకు పట్టిన గతి ఈయనకూ పడుతుంది అని అందరూ ఒకటే అరుపు. మా ఆయన, పోయేవాళ్లకు వినిపించే కలిమాను వచ్చీరాక తడబడుతూ చదువుతున్నాడు. నాయన చెయ్యి చాచి నా మణికట్టు పట్టుకున్నాడు.

"దించద్దు పాపా."

తలుపు దగ్గర ఆమె ఉంది, ఎప్పుడొచ్చిందో. నేను ఆమె వైపు చూశాను. ఆమె తల అడ్డంగా ఊపింది. దించనివ్వలేదు నేను. చేతులు అడ్డం పెట్టి నిలబడ్డాను. నాయన ఎడమకు ఒరిగాడు. వేలితో తట్టలేదు. నా మణికట్టు మీద పట్టు సడలింది. ముక్కు దగ్గర చెయ్యి పెట్టాను, ఛాతీ మీద చెవి ఆనించాను. నా అంతట నేనే చెప్పాను, పోయినాడు అని. కళ్లు నేనే మూశాను.

మా ఆయన, పక్కింటాయన కలిసి ఆయన్ని కుర్చీలోంచి లేపారు. లేపగానే, నిండుగా, అలసటగా ఒక ఊపిరి వచ్చింది.

నేను నాయన నోటి మీద పడి చెంప ఆనించాను, నాయనా నాయనా అని పిలిచాను, ఛాతీ రుద్దాను. మళ్లీ రాలేదు. ఒళ్లు ఇంకా వెచ్చగానే ఉంది. ఆయన తల మీద చెయ్యి పెట్టి నేను వేసిన ఆన గుర్తొచ్చి ఆ చెయ్యి చచ్చుబడిపోయింది.

ఆమె జనాన్ని తోసుకుని వచ్చింది. నేను నాయన తల మీద పెట్టినట్టే నా తల మీద చెయ్యి పెట్టింది.

"కుర్చీనే పాపా. ఆ ఊపిరి కుర్చీదే. నీ మీద ఆన," అంది, అందరికీ వినిపించేలా.

జనం గుండెల మీది చేతులు దించుకున్నారు. అవును, ఆ కుర్చీ తీస్తాదంట గదా అని ఒకరితో ఒకరు అనుకున్నారు. చుట్టలను కొలిమికి మోసిన మా ఆయన మాత్రం నా ముఖంలోకి చూసి తల వంచుకున్నాడు. ఆమె వెనక, తెరిచిన తలుపుకు గొళ్లెం వేలాడుతోంది. ఆమె కళ్లు నా కళ్లను వదల్లేదు.

"అవును పెద్దమ్మా, కుర్చీదే," అన్నాను.